మల్చింగ్ షీటు పొడవునా చీలిపోతోంది, దానా మిక్స్‌లోనే తేడానా?

జీడిమెట్ల_ఫిల్మ్:
మాది చిన్న బ్లోన్ ఫిల్మ్ యూనిట్, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను గాలితో బుడగలా (బబుల్) ఊది షీటు తీస్తాం. 25 మైక్రాన్ మల్చింగ్ షీటు తీస్తున్నాం. దానా (ప్లాస్టిక్ గుళికలు) మిక్స్ ఎల్‌ఎల్‌డీ 60 శాతం, ఎల్‌డీ 40 శాతం (రెండూ పాలిథిన్ రకాలే), పైన నల్ల రంగుకి బ్లాక్ మాస్టర్‌బ్యాచ్. బబుల్ కదలకుండా నిలబడుతోంది, షీటు నున్నగా వస్తోంది. కానీ మిర్చి రైతులు బెడ్ మీద పరిచి మొక్క కోసం రంధ్రం కొట్టగానే అక్కణ్ణుంచి పొడవునా సర్రున చీలుతోందట, ఫోన్ చేసి తిడుతున్నారు. అడ్డంగా చింపాలంటే మాత్రం చెయ్యి నొప్పెట్టాల్సిందే. డీఎస్‌సీ టెస్టు (ఏ వేడికి కరుగుతుందో చూసేది) చేయిస్తే 110 డిగ్రీల దగ్గర ఒక పీక్, 123 దగ్గర ఇంకో పీక్ వచ్చాయి. కల్తీ దానా అంటగట్టారా? కొంచెం హెచ్‌డీ (గట్టి రకం పాలిథిన్) కలిపితే గట్టిపడుతుందని ఒకాయన అంటున్నాడు, కలపనా?

పాలిమర్_పంతులు:
రెండు పీకులు చూసి టెన్షన్ పడకండి. కరిగి ఉన్నప్పుడు ఎంత బాగా కలిసినా, చల్లారేటప్పుడు ఎల్‌ఎల్‌డీ, ఎల్‌డీ రెండూ చాలావరకు దేని స్ఫటికాలు అవి కట్టుకుంటాయి. ముందు ఎల్‌ఎల్‌డీ, తర్వాత మిగిలిన సందుల్లో ఎల్‌డీ. హెచ్‌డీ కలిసిన పాత దానా అయితే పీక్ 130 వైపు జరిగేది, పీపీ (పాలీప్రొపిలీన్) ఉంటే 160 దగ్గర కనిపించేది. మీకా రెండూ లేవు.

అసలు గొడవ ఆ 40 శాతం ఎల్‌డీతోనే. దాని అణువుల గొలుసులకు పొడవాటి కొమ్మలుంటాయి. అవి ఒకదానికొకటి చిక్కుకుని, డై (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మూతి) దగ్గర సాగాక ఫ్రాస్ట్ లైన్ (బబుల్ గట్టిపడే చోటు) వచ్చేలోపు సడలలేవు. మీ బబుల్ అంత నిలకడగా ఉన్నది కూడా అందుకే. అలా మెషీన్ దిశలో (షీటు పొడవునా) బిగుసుకున్న గొలుసుల చుట్టూ స్ఫటికాల పలకలు అడ్డంగా పెరిగి వరసలు కడతాయి. పొడవునా లాగితే బలం బాగానే ఉంటుంది, కానీ పక్కపక్క వరసల మధ్య పట్టు తక్కువ. ఒక్క గాటు పడితే చాలు, ఈనెల వెంట అరటాకు చిరిగినట్టు పోతుంది.

బబుల్_మేస్త్రి:
అన్నా, హెచ్‌డీ జోలికి పోవద్దు, షీటు బిరుసెక్కి ఇంకా చీలుతుంది. ఎల్‌డీని 15, 20కి దించి చూడు. బబుల్ కాస్త ఊగుతుంది, మోటార్ లోడ్ పెరుగుతుంది, షీటు గరగరలాడితే ప్రాసెసింగ్ ఎయిడ్ వెయ్యి. కుదిరితే బ్యూటీన్ గ్రేడ్ మానేసి హెక్సీన్ గ్రేడ్ ఎల్‌ఎల్‌డీ తీసుకో, రేటు ఎక్కువే గానీ చిరుగుడు దగ్గర తేడా చేతికే తెలుస్తుంది. ఇంతకీ డై గ్యాప్ ఎంత, బీయూఆర్ (బబుల్ వ్యాసం డై వ్యాసానికి ఎన్ని రెట్లో) ఎంత?

జీడిమెట్ల_ఫిల్మ్:
గ్యాప్ 2 ఎంఎం, బీయూఆర్ 1.8.

పాలిమర్_పంతులు:
అంటే 2ని 0.025 (షీటు మందం ఎంఎంలో) × 1.8తో భాగిస్తే దాదాపు 44 రెట్లు పొడవు వైపే లాగుతున్నారు, పక్కకి రెండు రెట్లు కూడా లేదు. అదే డైతో బీయూఆర్ 2.5 చేస్తే ఆ 44 కాస్తా 32కి దిగుతుంది. వెడల్పు పెరుగుతుంది కాబట్టి అంచులు కోసుకోవాలి, లేదా చిన్న డైకి మారాలి. ముందు ఎల్‌డీ తగ్గించండి, అది ఖర్చులేని పని. కొత్త రోల్ నుంచి ఒక ముక్క కోసి, గాటు పెట్టి రెండు వైపులా చింపి చూశాకే రైతుకు పంపండి.