గోల్ఫ్‌లో కొత్త సెవెన్ ఐరన్‌తో బంతి 15 గజాలు ఎక్కువ వెళ్తోంది, కానీ గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) మీద ఆగట్లేదు. ఏ సెట్ తీసుకోను?

బోగీబాబు:
అందరికీ నమస్తే. పదేళ్ళుగా ఒకే ఐరన్లతో (ఇనుప తల క్లబ్బులు, అంకె తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది) ఆడుతున్నా, గ్రూవ్‌లు (తల ముందుభాగం మీది గీతలు) అరిగి నున్నగా తయారయ్యాయి, ఇక మార్చక తప్పేట్టు లేదు. హ్యాండికాప్ 19, అంటే ఓ మోస్తరు ఆటగాణ్ణి. సెవెన్ ఐరన్‌తో స్వింగ్ వేగం గంటకు 75 మైళ్ళు, కొంచెం అటూ ఇటూ. మొన్న లాంచ్ మానిటర్ (షాట్‌ని కొలిచే యంత్రం) మీద రెండు సెట్లు కొట్టి చూశాను, అప్పట్నుంచీ బుర్ర పనిచేయట్లేదు.

మొదటి సెట్, దీన్ని ‘ఏ’ అనుకుందాం. సెవెన్ లాఫ్ట్ (తల ముందుభాగం వెనక్కి వాలిన కోణం) 28 డిగ్రీలు, సగటు క్యారీ (గాల్లో వెళ్ళే దూరం) 148 గజాలు, లాంచ్ (బంతి లేచే కోణం) 16, స్పిన్ (నిమిషానికి బంతి తిరిగే చుట్లు) 4,500, బంతి కిందకి దిగే కోణం 40. ఒక బంతి అయితే 159 వెళ్ళింది, నిజం చెప్పొద్దూ, ఆ శబ్దానికే సగం పడిపోయాను. రెండోది బి. 32 డిగ్రీలు, క్యారీ 139, లాంచ్ 19, స్పిన్ 5,900, దిగే కోణం 45. నా పాత సెవెన్ 34 డిగ్రీలు, 133 దాకా వెళ్తుంది.

‘ఏ’ సెట్ సెవెన్ డెమోగా అడిగి తీసుకుని ఒక రౌండ్ ఆడాను. మూడుసార్లు గ్రీన్ మధ్యలో పడింది, మూడుసార్లూ ముందుకు దొర్లి గ్రీన్ అవతలికి పోయింది. అలాగని దూరం వదులుకోవాలంటే మనసొప్పట్లేదు. మీరైతే ఏం చేస్తారు?

మూడుపుట్లు:
బ్రదర్, మీకు 15 గజాలు కలవలేదు, క్లబ్ కింద రాసిన అంకె మారింది, అంతే. మీ పాత సెట్‌లో 28 డిగ్రీలంటే సిక్స్‌కీ ఫైవ్‌కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. దాని మీద 7 అని చెక్కి మీ చేతికిచ్చారు, మీరు దాన్ని పాత సెవెన్‌తో పోల్చి మురిసిపోతున్నారు. సెవెన్ అంటే ఇన్ని డిగ్రీలుండాలని ఏ రూల్లోనూ లేదు. టైటిలిస్ట్‌లోనే చూడండి, టి100 సెవెన్ 34 డిగ్రీలు, టి350 సెవెన్ 29. ఒకే కంపెనీ, ఒకే అంకె, తేడా 5 డిగ్రీలు.

అసలు చిక్కు సెవెన్‌తో కాదు, వెడ్జ్‌ల (దగ్గరి షాట్లకు వాడే ఎక్కువ లాఫ్ట్ క్లబ్బులు) దగ్గర వస్తుంది. ‘ఏ’ సెట్ పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ ఎంతో అడిగారా? సెవెన్ 28 ఉన్న సెట్లలో అది 43 దగ్గర ఉంటుంది. మీ శాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 13 డిగ్రీల గొయ్యి. దాన్ని పూడ్చడానికి 48 ఒకటి, 52 ఒకటి కావాలి. పైన చూస్తే ఫోర్ ఐరన్ 19, 20 డిగ్రీల్లో ఉంటుంది, మీ వేగంతో అది గాల్లోకి లేవదు, దాని బదులు హైబ్రిడ్ (బంతిని తేలిగ్గా లేపే లావు తల క్లబ్) పెట్టాలి. బ్యాగులో 14 క్లబ్బులకు మించి ఒప్పుకోరు కదా, కాగితం మీద రాసుకుని చూడండి, ఎక్కడో ఒకచోట కత్తెర పడుతుంది. నేను ఈ లెక్క వేయకుండా కొని, ఒక సీజనంతా 95 గజాల దగ్గర సగం స్వింగులు కొడుతూ గడిపాను.

తొమ్మిదోహోల్:
పై అన్న చెప్పింది సగమే ఒప్పుకుంటా. "లాఫ్ట్ తగ్గించి మోసం చేస్తున్నారు" అనడం అందరికీ అలవాటైపోయింది. ఆ హెడ్‌లో బరువంతా కిందికీ వెనక్కీ నెట్టారు, ఫేస్ (బంతికి తగిలే భాగం) పల్చన చేశారు, కాబట్టే 28 డిగ్రీలతోనూ లాంచ్ 16 వస్తోంది. అదే లాఫ్ట్ ఉన్న పాతకాలం బ్లేడ్ (వెనక గుంట లేని పల్చటి ఐరన్) ఇచ్చి కొట్టమనండి, బంతి నేల మీద పాకుతుంది. మధ్యలో తగలకపోయినా బంతి ఓ మోస్తరుగా పోవాలని బరువును అంచులకు జరిపిన పని 1960ల నాటిది, పింగ్ కంపెనీ పెట్టిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ ఇంజనీరు కాబట్టి ఆ బుర్ర అటు పోయింది. 19 హ్యాండికాప్ వాళ్ళు ఆ మేలు వదులుకోకూడదు. ఇక్కడ ‘ఏ’, ‘బి’ రెండూ కేవిటీ బ్యాక్‌లే (వెనక గుంట తీసి బరువు అంచుల్లో పెట్టిన రకం) అనుకుంటున్నా, కాదంటే చెప్పండి.

నేను చూసేది దిగే కోణం. 45 దగ్గర ఉంటే మామూలు గ్రీన్ మీద ఆగుతుంది, 40 అంటే దొర్లుతుంది, మీకు జరిగింది అదే. ట్రాక్‌మ్యాన్ అనే లాంచ్ మానిటర్ కంపెనీ ఇచ్చిన పాత టూర్ సగటులు చాలాకాలంగా అందరూ చూస్తున్నవే. పీజీఏ టూర్ వాళ్ళ (మగ ప్రొఫెషనల్స్) సెవెన్ ఐరన్ 172 గజాలు, స్పిన్ 7,100 దగ్గర, దిగే కోణం 50. అది చూసి కళ్ళు తేలేస్తాం, కానీ వాళ్ళ స్వింగ్ వేగం 90, మనకు దాంతో పనిలేదు. ఎల్‌పీజీఏ వాళ్ళది (మహిళా ప్రొఫెషనల్స్) చూడండి. వేగం 76, అంటే మీ వేగమే. క్యారీ 141, లాంచ్ 19, స్పిన్ 6,700, దిగే కోణం 47. ఇప్పుడు మీ బి అంకెలు దాని పక్కన పెట్టండి. నేను ఇంకేం చెప్పక్కర్లేదు.

అలాగని ‘ఏ’ చెత్త సెట్ కాదు. దిగే కోణం 46 వచ్చే మనిషి చేతిలో అదే మంచి సెట్. మీ చేతిలో 40 వస్తోంది, అదీ సంగతి. ఏ బంతితో కొట్టారో కూడా చెప్పండి, రేంజ్‌లో ఇచ్చే ప్రాక్టీస్ బంతులైతే ఆ స్పిన్ అంకెల్ని అంతగా నమ్మలేం.

గడ్డిపెళ్ళ:
అందరూ సగటు పట్టుకుని కూర్చున్నారు. గ్రీన్ ముందు బంకర్ (ఇసుక గుంట) ఉన్నప్పుడు మీ సగటు మిమ్మల్ని కాపాడదు. పది షాట్లలో అన్నిటికంటే తక్కువ ఎంత, ఎక్కువ ఎంత? అది చెప్పకుండా సెట్ ఎలా చెప్తాం?

ఒకసారి నేను ఫిట్టింగ్‌కి (మనకు సరిపోయే క్లబ్బులు తేల్చుకోడానికి) వెళ్తే అక్కడి అబ్బాయి నేను చెడగొట్టిన ప్రతి షాట్‌నీ తెర మీంచి తుడిచేశాడు. "ఇది మీ స్వింగ్ కాదు సార్, తీసేద్దాం" అంటాడు. అది నా స్వింగే నాయనా, ప్రతి ఆదివారం దర్శనమిస్తుంది. మంచివి ఆరు మిగిల్చి సగటు చూపిస్తే ఏ క్లబ్ అయినా బంగారమే. కాబట్టి ఒక్కటీ తుడవనివ్వకండి. ఇంకోటి, ఆ 159 వెళ్ళిన బంతి స్పిన్ ఎంతో వెనక్కి వెళ్ళి చూడండి. పల్చటి ఫేస్ ఉన్న ఐరన్లలో అప్పుడప్పుడు ఒక బంతి స్పిన్ తగ్గి తూటాలా పోతుంది. లాంచ్ మానిటర్ ముందు అది పండగ. కోర్సులో అది గ్రీన్ దాటి పొదల్లోకి పోతుంది, రఫ్‌లోంచి (పొడుగు గడ్డి) కొడితే ఇంకా అన్యాయం, ఫేస్‌కీ బంతికీ మధ్య గడ్డి ఇరుక్కుని ఉన్న స్పిన్ కూడా పోతుంది.

మ్యాట్ మీద మాత్రమే కొట్టి కొనకండి. క్లబ్ బంతికి రెండు అంగుళాల వెనకే నేలకు తగిలినా మ్యాట్ మీద జారుకుంటూ వెళ్ళి బంతిని బాగానే కొట్టేస్తుంది, గడ్డి మీద అయితే గడ్డిపెళ్ళ బంతికంటే దూరం పోతుంది (నా పేరు ఊరికే రాలేదు). సోల్ (తల అడుగుభాగం) వెడల్పు తేడా అక్కడే తెలుస్తుంది. మొదటి పది బంతులతో ఆగకుండా, నలభై కొట్టి అలిసిపోయాక మళ్ళీ పది కొట్టండి. సెవెన్ ఒక్కటే కాదు, ఫైవ్, పిచింగ్ వెడ్జ్ కూడా. అన్ని బంతులూ ఒకే వైపు పోతుంటే లై యాంగిల్ (క్లబ్ కాడ నేలతో చేసే కోణం) చూపించుకోండి, కుడిచేతి వాటం వాళ్ళకు లై మరీ నిటారుగా ఉంటే బంతి ఎడమకి లాగుతుంది. అది హెడ్ తప్పు కాదు, ఆ కోపంతో మంచి సెట్‌ని వదిలేసినవాళ్ళు నాకు తెలుసు.

బోగీబాబు:
మళ్ళీ వెళ్ళొచ్చాను. ఈసారి నా బంతులే తీసుకెళ్ళా, ఒక్కటీ తుడవనివ్వలేదు, ఆ అబ్బాయి మొహం కొంచెం మాడింది. రెండూ కేవిటీ బ్యాక్‌లే, ‘ఏ’ సోల్ కాస్త వెడల్పు.

సెవెన్ క్యారీ, ‘ఏ’: తక్కువ 130, ఎక్కువ 158. బి: తక్కువ 129, ఎక్కువ 143. ఇది చూశాక కాసేపు నోట మాట రాలేదు. చెడ్డ షాట్ రెండిట్లోనూ ఒక్కచోటే పడుతోంది! దూరమంతా మంచి షాట్లలోనే, అదీ ఎప్పుడొస్తుందో తెలియకుండా. మొన్నటి 159 బంతి రికార్డు తీయించాను, స్పిన్ 3,300. నన్ను పడేసింది ఆ బంతే, గ్రీన్ దాటించేదీ అలాంటి బంతే.

అలిసిపోయాక మాత్రం కథ కొంచెం మారింది. బి ఫైవ్ ఐరన్ లేవడం మానేసింది, సిక్స్‌కీ దానికీ క్యారీలో తేడా 4 గజాలే. ‘ఏ’ ఫైవ్ కూడా అంతకంటే గొప్పగా ఏం లేదు. అందుకని బి సిక్స్ నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా తీసుకుని, పైన ఒక హైబ్రిడ్ పెడదామని. బి పిచింగ్ వెడ్జ్ 45 డిగ్రీలట, కాబట్టి మధ్యలో 50 ఒక్కటి పెడితే 56కి సరిపోతుంది కదా?

ఒక్కటే మిగిలింది. షాఫ్ట్ (క్లబ్ కాడ) 95 గ్రాముల స్టీలా, 120దా? 120తో బంతులు కాస్త దగ్గరదగ్గరగా పడ్డాయి, 95తో వేగం ఒక మైలు పెరిగి లాంచ్ కూడా కొంచెం పెరిగింది.

మూడుపుట్లు:
45, 50, 56 బాగా కుదిరింది. ఫైవ్ వదిలేసినందుకు చప్పట్లు, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

గడ్డిపెళ్ళ:
120తో దగ్గరగా పడింది మొదటి పదిలోనా, అలిసిన తర్వాత పదిలోనా? మొదటి పదిలోనే అయితే 95 తీసుకోండి. పదిహేనో హోల్ దగ్గర బరువు షాఫ్ట్‌తో క్లబ్ వెనకబడి బంతులన్నీ కుడికి పోతాయి, నాకు అలాగే పోయేవి. రెండిట్లోనూ అదే వరస ఉంటే 120కి నా ఓటు. తీసుకునే ముందు సిక్స్ ఐరన్ ఒకటి అడిగి పట్టుకెళ్ళి గడ్డి మీద ఓ రౌండ్ ఆడి రండి, డివట్ (క్లబ్ తవ్వే గడ్డి గుంట) లోతు ఎంత వస్తోందో చూసి చెప్పండి.