లోన పోసెనా, లోకి పోయెనా? ఆటలమ్మ పద్యంలో రెండో పాదం

తంగేడు:
మా నాయనమ్మ చదివే ఆటవెలది ఒకటి కొన్నాళ్లుగా బుర్రలో తిరుగుతూనే ఉంది. రెండు పాదాలే గుర్తున్నాయి.

మీద పోసెనేని మేలురా యీ తల్లి
లోన పోసెనేని లోకమేది

మిగతా రెండు పాదాలు ఎవరికైనా వచ్చా? రెండో పాదం మీద ఇంట్లో గొడవ కూడా ఉంది. నాకు గుర్తున్నది "లోన పోసెనేని". మా అత్త "లోకి పోయెనేని" అంటుంది. మా మరిదికి ఈ మధ్య ఆటలమ్మ పోసింది. ముప్పయ్యేళ్లు దాటినవాడు, సిగరెట్ అలవాటుంది. పొక్కులు లేచిన మూడో రోజుకే ఆయాసం, ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా మచ్చలు, ఐసీయూలో పెట్టారు. ఇప్పుడు ఇంటికొచ్చాడు, బాగానే ఉన్నాడు. మా అత్త మాత్రం "ఇంగ్లీషు మందు వేశారు కాబట్టే అమ్మ లోపలికి పోయింది, పద్యంలోనే ఉంది కదా" అని ఇప్పటికీ అంటోంది.

చంపకమాల:
ఛందస్సుతో ఇది తేలదండీ. పోసె, పోయె రెండూ గురువు, లఘువు, అంటే హగణమే. యతి లో-లో, దానికీ ఢోకా లేదు. ఆటవెలదికి ప్రాస నియమం లేదు కనక అటు నుంచీ సాయం రాదు. అర్థంతోనే తేల్చుకోవాలి. పై పాదంలో "మీద పోసె" ఉంది కాబట్టి కింద "లోన పోసె" ఉంటేనే జోడీ కుదురుతుంది, నా ఓటు దానికే.

పెన్నాతీరం:
వేమన్నదే, సందేహం లేదు. పైకొకటి, లోనొకటి అనే చూపు ఆయనది కాక ఇంకెవరిది?

చంపకమాల:
మాస్టారూ, మకుటం వినకుండానే వేమనకు కట్టబెడితే ఎలా? బ్రౌను 1829లో అచ్చు వేయించిన సంకలనంలో ఇది నాకు కనబడలేదు. తెలుగునాట ఊరూ పేరూ లేని ప్రతి ఆటవెలదీ చివరికి ఆయన ఖాతాలోకే చేరుతుంది.

పాలమూరు:
మా దిక్కు అమ్మతల్లి అంటం. పోసింది అనేదే మాట. కానీ ఇద్దరూ ఒక మాట మరిచిపోతున్నరు. అది "లోన పూసెనేని" ఎందుకు కాకూడదు? నోరు పూసింది అంటం కదా, నోటిపూత అంటం. ఆటలమ్మలో నోట్లో, అంగిట్లో కూడా పుండ్లు లేస్తయి. పూసె కూడా హగణమే, చంపకమాల గారూ.

చెన్నపట్నం:
పూసెకు అవకాశం తక్కువ. ఇక్కడ తమిళంలో "అమ్మై వార్తిరుక్కు" అంటారు. వార్ అంటే పోయడం. మన గంజి వార్చడంలోని వార్చు దాని చుట్టమే. రెండు భాషల్లోనూ అమ్మ ఒంటి మీదకి ఒలికేదే గానీ పూసేది కాదు. ఈ భావన పద్యం కంటే చాలా పాతది.

పెన్నాతీరం:
పోత పోయడం అనే అర్థం ఎవరూ ఎత్తలేదేం? కంచు పోత పోసినట్టు మొహం మీద గుంటలు దిగుతాయి కాబట్టి "పోసింది". నా నమ్మకం అదే.

చంపకమాల:
గుంటలు దిగేది ముఖ్యంగా స్ఫోటకంలో, అంటే మశూచిలో; ఆటలమ్మలో గోక్కుంటే తప్ప పెద్దగా మిగలవు. అయినా గుంటలు చివర్లో వస్తాయి, పోసిందనే మాట మొదటి రోజే అనేస్తాం.

కొల్లేటికొంగ:
అసలు "యీ తల్లి" అంటే ఏ తల్లి? ఇది ఆటలమ్మ పద్యమని ఎవరన్నారు? పాత పద్యమైతే పెద్దమ్మవారి గురించే, అంటే మశూచి గురించే అయ్యుండాలి. మశూచిలో ఒక రకం ఉండేది, పొక్కు సరిగ్గా పైకి లేవకుండానే లోపల రక్తస్రావమై మనిషి పోయేవాడు. లోకమేది అని కవి ఊరికే అనలేదు. మన దేశంలో మశూచి 1975లో ఆగింది, 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. రోగం పోయాక పద్యం ఆటలమ్మకి బదిలీ అయింది, అంతే.

పాలమూరు:
తట్టు ఎందుకు కాకూడదు? తట్టు వచ్చిన పిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయేది న్యుమోనియానే.

ఛాతీడాక్టరు:
పద్యం ఎవరిదో మీరు తేల్చండి. నేను ఊపిరితిత్తుల డాక్టర్ని, పోసె, పోయె విషయంలో మాత్రం ఊరుకోలేను. "లోకి పోయె" అన్న పాఠం వల్ల మనుషులకి నష్టం జరుగుతోంది. మందు వేస్తే అమ్మ లోపలికి వెళ్తుందనే భయంతో ఆయాసం వచ్చినా ఇంట్లోనే ఉంచేస్తారు, పెదాలు నీలంగా మారాక తీసుకొస్తారు. నిజానికి ఈ వైరస్ ప్రయాణం తిరగబడి ఉంటుంది. ముందు ముక్కు, గొంతు దారిన లోపలికి చేరి, రక్తంలో తిరిగి, 10 నుంచి 21 రోజుల తర్వాత చర్మం మీద కనబడుతుంది. అంటే లోపలి నుంచే పైకి వస్తుంది. కొందరు పెద్దవాళ్లలో అదే రక్తంతో ఊపిరితిత్తులకీ చేరుతుంది. అలాంటివాళ్ల శ్వాసనాళాల్లోకి గొట్టం కెమెరాతో చూస్తే ఒంటి మీద ఉన్నలాంటి పొక్కులే కనబడవచ్చు. కాబట్టి "లోన పోసె" అన్నది అక్షరాలా నిజం, పూసె అన్నా నాకు అభ్యంతరం లేదు.

ఊపిరితిత్తులకి ఇలా పాకడం పిల్లల్లో అరుదు. పెద్దవాళ్లలో సుమారు 400 మందిలో ఒకరికి న్యుమోనియా వస్తుందని చెబుతారు. 1965లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అమెరికా సైన్యంలోని యువకులకి ఆటలమ్మ వస్తే వరసగా ఎక్స్‌రేలు తీశారు. దాదాపు 16 శాతం మందిలో మార్పులు కనిపించాయి, వాళ్లలో దగ్గు ఉన్నవాళ్లు కొద్దిమందే. పొగ తాగేవాళ్లు, గర్భిణులు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. పొక్కులు లేచిన 1 నుంచి 6 రోజుల్లో దగ్గు, ఆయాసం, ఛాతీనొప్పి, కఫంలో రక్తం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వైరస్‌ని అణిచే అసైక్లోవిర్ అనే మందుని నరంలోకి 8 గంటలకోసారి ఎక్కిస్తాం, అవసరాన్ని బట్టి ఆక్సిజన్ పెడతాం. వేపాకు పెట్టుకోండి, నేను వద్దనను, మందు మాత్రం ఆపకండి. తంగేడు గారూ, మీ మరిది ఎక్స్‌రేలో కొన్నేళ్ల తర్వాత ఆవగింజలంత తెల్లచుక్కలు మిగలొచ్చు. అవి మానిన గాయాల్లో సున్నం పేరుకున్న గుర్తులు. అప్పుడెవరైనా టీబీ అని అనుమానపడితే ఆటలమ్మ సంగతి చెప్పమనండి. సిగరెట్ మానమని కూడా చెప్పండి.

పద్యం మిగతా సగం దొరక్కపోతే నాది పెట్టుకోండి:

పొక్కు మాడెనంచు పొంగిపోవకు మయ్య
ఊపిరాడు తీరు నొకటి చూడు

చంపకమాల:
గణాలు సరిపోయాయి డాక్టరుగారూ. ఊ-ఒ యతి చెల్లుతుంది, తీరు మీద ద్రుతం, అంటే నకారం కూడా బాగానే అతికింది. కానీ "పొంగి" దగ్గర ఆగాను. మా వైపు పొంగు అంటే తట్టే, వినేవాడు ఆ రోగమనుకుంటాడు. పాలమూరు వాదానికి మీరే బలం చేకూర్చారు.

పెన్నాతీరం:
డాక్టరుగారు ఎంత చక్కగా రాశారంటే నాకు మళ్లీ మేడిపండే గుర్తొచ్చింది. పొట్ట విప్పి చూడ పురుగులుండు. అదీ వేమన్న చూపు.

చంపకమాల:
పొట్ట విచ్చి చూడ, మాస్టారూ.

పెన్నాతీరం:
మా బడిలో విప్పి అనే నేర్పారు. నేను పిల్లలకి నేర్పిందీ అదే.

చంపకమాల:
బడిలో "మేలిమై యుండు" అని కూడా నేర్పారు, అక్కడ గణం విరిగిపోతుంది. "మేలిమై యుండును" అంటేనే చివర ఇంద్రగణం నిలుస్తుంది. విప్పి, విచ్చి మాత్రం ఛందస్సుకి సమానమే. నాకు విచ్చి ఇష్టం. పండు తనంతట తానే విచ్చుకున్నట్టు ఉంటుంది, విప్పితే మనిషి చెయ్యి పడ్డట్టు ఉంటుంది.

పెన్నాతీరం:
చెయ్యి పడాల్సిందే. చూడాలనుకున్నవాడు విప్పాలి. వేమన్న ఊరికే నిలబడి చూసే మనిషి కాదు.

తంగేడు:
డాక్టరుగారూ, మీరు రాసింది మొత్తం అత్తకి చదివి వినిపించాను. మరిది సిగరెట్ సంగతి వినగానే మీ పక్షం చేరింది. పద్యం దగ్గర మాత్రం ఇంకా పోయె అనే అంటోంది. మిగతా రెండు పాదాల కోసం ఇంకా చూస్తున్నాను.

కొల్లేటికొంగ:
మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. నాలుగు పాదాలు ఆవిడకీ రావు, కానీ రెండో పాదం "లోన తిరిగెనేని" అని చెప్పింది. తిరిగె మూడు లఘువులు, నగణం, సరిపోతుంది.

చంపకమాల:
సరిపోతుంది. అయితే తిరిగె అంటే వెనక్కి మళ్లిందనా, లోపల సంచరించిందనా? మళ్లిందంటే తంగేడు గారి అత్త మాటే గెలుస్తుంది. సంచరించిందంటే డాక్టరుగారు చెప్పిన రక్తంలో తిరగడం అవుతుంది. మీ పెద్దమ్మ దాన్ని ఏ అర్థంతో వాడుతుందో కనుక్కోండి.