డబ్ల్యూడీజీ-3ఏ వెనక డబ్ల్యూడీఎం-2 కట్టొచ్చా?

రైలుబాట: జీ-3ఏ గూడ్సు డీజిల్ ఇంజన్, ఎం-2 గూడ్సుకీ ప్యాసింజరుకీ వాడే డీజిల్. రెండూ ఆల్కో అనే అమెరికా కంపెనీ డిజైన్ ఇంజన్లే. రెండింటికీ 8 నాచ్‌లే (పవర్ పెంచే మెట్లు), రెండింటి కంట్రోళ్లనీ కలిపే జంపర్ కేబుల్ వేస్తే ఒకే క్రూ రెండింటినీ నడుపుతారు. మరి గూడ్సుకు ఈ జత వద్దని పాత డ్రైవర్లు ఎందుకంటారు?

రిటైర్డ్_ఎల్పీ: కేబుల్ పట్టినంత మాత్రాన జత కుదిరినట్టు కాదు. జీ-3ఏది 3,100 హెచ్‌పీ, 123 టన్నుల బరువు, గేరు 74:18, లాగుడుకి పెట్టింది. ఎం-2ది 2,600 హెచ్‌పీ, సుమారు 113 టన్నులు, గేరు 65:18, వేగానికి పెట్టింది. ఎత్తు మీద వేగం పడిపోయినా ముందుది గట్టిగానే లాగుతుంది. వెనకదాని మోటార్లు మాత్రం కాగిపోతాయి.

షెడ్_ఎలక్ట్రికల్: అమెరికాలో ఈఎండీ, జీఈ అనే రెండు వేర్వేరు కంపెనీల ఇంజన్లను 27 పిన్నుల కేబుల్‌తో కలిపే నడుపుతున్నారు సార్. డీసీ మోటార్ల ఇంజన్ పక్కన ఏసీ మోటార్లది కూడా కడతారు. బలహీనమైన ఇంజన్‌ని బట్టి లోడ్ ఇస్తే ఏ గొడవా లేదు.

ఫోటోల_పిచ్చి: ఎం-2 120కి వెళ్తుంది, జీ-3ఏ వల్ల 100కే ఆగిపోవాలి కదా?

షెడ్_ఎలక్ట్రికల్: గూడ్సుకి 100 చాలదా!

రిటైర్డ్_ఎల్పీ: మీ పిన్నుల లెక్క పక్కన పెట్టండి. ఘాట్ ఎక్కుతున్నాం, వాన, ఇదే జత. ముందు క్యాబ్‌లో ఆంపియర్ ముల్లు బాగానే ఉంది. ఉన్నట్టుండి అలారం గంట. వెనక ఇంజన్లో ఏమైందో ముందు కనపడదు. బండి ఆపి, అసిస్టెంట్ దిగి, తడుస్తూ వెళ్లి చూస్తే గ్రౌండ్ రిలే (కరెంటు లీకైతే పవర్ ఆపేసే స్విచ్) పడిపోయింది. ఆ లైను మొత్తం బ్లాక్. వారం తిరక్కుండా నాకు చార్జిషీట్. షెడ్లో ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లకి ఇది తెలీదు.

షెడ్_ఎలక్ట్రికల్: ఫ్యాన్ కిందా? కాలిపోయిన మోటార్లని పిట్‌లో దింపేది మేమే. నల్లబడ్డ బ్రష్‌లు పీకింది నా చేతులే. మాకూ మెమోలు వస్తాయి, "షెడ్ సరిగా చూడలేదు" అని. ఆ లోడ్ ఎవరిచ్చారో ఒక్కరూ అడగరు.

గూడ్సు_గార్డు: ఇద్దరూ ఒకే మాట అంటూ కొట్టుకుంటున్నారు.

షెడ్_ఎలక్ట్రికల్: కాదండీ. ఆయన జతే వద్దంటున్నారు. ఒకే రకం ఇంజన్లు దొరికేదాకా బండి ఆపుకుని కూర్చోలేం.

రిటైర్డ్_ఎల్పీ: సరే, అసలు మాటే చెప్తా. వెనక ఇంజన్లో ఒక మనిషిని పెట్టండి, ఏ జత ఇచ్చినా నడుపుతా.

షెడ్_ఎలక్ట్రికల్: ఇంకో క్రూని పెట్టేటప్పుడు కేబుల్ ఎందుకు సార్? క్రూ ఖర్చు తగ్గించడానికే కదా అది పెట్టింది.

రిటైర్డ్_ఎల్పీ: తగ్గించుకోండి. అప్పుడు వెనక మోటార్ల ఆంపియర్లు ముందు క్యాబ్‌లో చూపించండి. అదీ కుదరకపోతే, మోటారు కాలినప్పుడు సంజాయిషీ లోడ్ ఇచ్చినవాళ్లని అడగండి.

షెడ్_ఎలక్ట్రికల్: దానికి నేనూ సంతకం పెడతా. జత మాత్రం తప్పు కాదు.