తెల్ల క్రీము రోజూ రాస్తే కాలిన మచ్చ తగ్గుతుందా, పెరుగుతుందా?

వార్డు_సిస్టర్:
ముంజేతి మీద వేడి సాంబారు ఒలికి బొబ్బలు పగిలాయనుకోండి. కింద గులాబీ రంగు, తడి, తాకితే భగ్గున మంట. వేలితో నొక్కితే తెల్లబడి వెంటనే రంగు తిరిగొస్తుంది. ఇంత పైపై గాయానికి కూడా చీటీలో సిల్వర్ సల్ఫాడయజిన్, అదే ఆ వెండి కలిసిన తెల్ల క్రీము, రాసేస్తున్నారు. ఇక్కడ అది వద్దంటాను. కొత్త చర్మకణాలకు అది హాని చేస్తుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. పైగా రోజూ పాత క్రీము రుద్ది కడిగేటప్పుడు అప్పుడే అల్లుకుంటున్న పలచటి పొర కూడా ఊడొస్తుంది. రెండు వారాల్లోపు మూసుకున్న గాయానికి ఉబ్బు మచ్చ అరుదు. మూడు వారాలు దాటిందా, ముప్పు బాగా పెరుగుతుంది. గాయం మూసుకోవడాన్ని ఆలస్యం చేసేదేదైనా మచ్చను పెంచేదే.

పీహెచ్‌సీ_ఫార్మసీ:
సిస్టర్ గారూ, 1960ల చివర్నుంచి ఈ మందు నిలబడింది సూడోమోనాస్ లాంటి క్రిములను అణచబట్టే కదా. ఇన్ఫెక్షన్ పడితే పైపై గాయం కూడా లోతుకు దిగుతుంది, అప్పుడు మీ రెండు వారాల లెక్క ఏమవుతుంది? క్రీముకు బదులు గాయం మీద పొరలా పరిచే కొలాజెన్ షీటు పల్లెల్లో దొరకదు. పొలం పనికి పోయే మనిషి కట్టు శుభ్రంగా ఉంటుందన్న భరోసా కూడా లేదు.

వార్డు_సిస్టర్:
కొలాజెన్ లేకపోతే క్రీమే గతి అనుకోకండి, పారఫిన్ గాజ్ (వ్యాజలీన్ లాంటి జిడ్డు పట్టించిన జాలీ గుడ్డ) ఉంది. కాలిన మూడు గంటల్లోపు అయితే ముందు 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా వద్దు. సెలైన్‌తో కడిగి, చిరిగిన బొబ్బ తోలు తీసేసి, పారఫిన్ గాజ్ రెండు పొరలు, మీద దళసరి ప్యాడ్, ఆపైన రోలర్ బ్యాండేజ్. రెండు మూడు రోజులకోసారి మార్చితే చాలు. పైకట్టు తడిసినా, మట్టి అయినా ఆ రోజే మార్చాలి. గాజ్ అతుక్కుంటే లాగొద్దు, సెలైన్ పోసి నానబెట్టాలి. చీము, దుర్వాసన, చుట్టూ పాకే ఎరుపు, జ్వరం కనిపిస్తే మాత్రం డాక్టరు చూడాలి. వెండి మందు సంగతి అప్పుడు ఆలోచించొచ్చు.

స్కిన్_డాక్టర్:
ఇద్దరూ లోతు సంగతి వదిలేస్తున్నారు. తెల్లగా మైనంలా ఉండి, నొక్కినా రంగు మారక, స్పర్శ తగ్గిన గాయం మూడు వారాల్లో దానంతటది మూసుకోవడం కష్టం. దానికి ఏ పూత మంచిదన్న వాదన కన్నా చర్మం అతికించాలా వద్దా అన్నది ముందు తేలాలి. తెల్ల క్రీము పేరుకుని పసుపు పొర కడితే ఆ లోతే సరిగా కనపడదు, సర్జన్ దగ్గరికి ఆలస్యంగా చేరతారు. సల్ఫా అలర్జీ ఉన్నవారికి, నెలలు నిండిన గర్భిణికి, రెండు నెలల్లోపు పసికందుకు ఆ క్రీము రాయకూడదు.

పీహెచ్‌సీ_ఫార్మసీ:
ఒప్పుకుంటాను డాక్టర్ గారూ. కానీ లోతుగా, మురికిగా ఉండి పెద్దాసుపత్రి దూరమైనప్పుడు క్రీము ఉండాల్సిందే. దాన్నీ పలచగా పులమడం దండగ, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన పరవాలి.

ఫిజియో:
మచ్చ కథ అసలు గాయం మూసుకున్నాకే మొదలవుతుంది. ఎక్కడా తడి లేదని తేలాక మచ్చ మీద అంటించే సిలికాన్ షీటు రోజుకు 4 గంటలతో మొదలుపెట్టి, పడితే 12 గంటలు దాటించండి. మూడు నెలలైనా సాగాలి. రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టాలి, లేకుంటే ఎండాకాలంలో చెమటకు దద్దుర్లు లేచి జనం మానేస్తారు. కొబ్బరి నూనెతో రోజుకు రెండు మూడుసార్లు, మచ్చ కాసేపు తెల్లబడేంత ఒత్తిడితో మర్దన చేయాలి. విటమిన్ ఇ క్యాప్సూల్ చిదిమి రాయడం నాకు నచ్చదు, దురదా ఎరుపూ తెప్పించడం చూస్తూనే ఉంటాం. మోచేయి, మెడ, చంక దగ్గరైతే సాగదీసే వ్యాయామం ఒక్కరోజూ ఆపొద్దు.

పీహెచ్‌సీ_ఫార్మసీ:
మరి మచ్చను అదిమిపట్టే బిగుతు తొడుగు, ప్రెషర్ గార్మెంటు? మే నెల ఎండలో రోజుకు 23 గంటలు ఎవరు వేసుకుంటారండీ?

ఫిజియో:
రెండు వారాల్లో మూసుకున్న గాయానికి అక్కర్లేదు. మూడు వారాలు దాటినవాటికి, అతికించిన చర్మానికి ఇంకా అడుగుతాను. రెండు జతలు కుట్టించాలి, ఒకటి ఉతుకులో ఉంటే రెండోది ఒంటిమీద. సాగిపోయి వదులైన గార్మెంటు ఏ పనీ చేయదు, రెండు మూడు నెలలకోసారి కొలత మళ్లీ తీయాలి.