ఫిట్స్ ఉన్నవాళ్ల కోసం తెనాలిలో నెలనెలా కలయిక: ఎలా మొదలుపెట్టాలి?

తెనాలి_కలయిక:
నమస్కారమండీ. ఫిట్స్‌కు మందులు వాడుతున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు నెలకోసారి కూర్చుని మాట్లాడుకునేలా ఏర్పాటు చేద్దామని నలుగురం అనుకుంటున్నాం. ఆదివారం పొద్దున ఒక లైబ్రరీ హాలు ఇస్తామన్నారు. న్యూరో డాక్టర్‌గారు మూణ్ణెల్లకోసారి మాత్రమే రాగలరు. తెలిసినవాళ్లు చెప్పండి: పిలుపు ఎలా రాయాలి? ‘మూర్ఛ రోగుల సమావేశం’ అని ఫ్లెక్సీ కడితే ఒక్కరూ రారని మాలో ఒకరి వాదన. హాల్లోనే ఎవరికైనా ఫిట్స్ వస్తే ఏం చేయాలి? బడికి ఏం రాసివ్వాలి? పెళ్లి, డ్రైవింగ్ లైసెన్సు, సదరం (వైకల్య సర్టిఫికెట్) గురించి తప్పకుండా అడుగుతారు, వాటికి తప్పుడు జవాబు చెప్పకూడదని మా భయం.

న్యూరోవార్డు_సిస్టర్:
మీలో ఆ ఒకరు చెప్పిందే నిజం. పెళ్లి కావాల్సిన అమ్మాయి ఉన్న ఇంటివాళ్లు ఆ ఫ్లెక్సీ కింద నుంచి నడిచి లోపలికి రారు. న్యూరో ఓపీలో, మందుల షాపులో ఇచ్చే చిన్న చీటీ చాలు. చోటు, టైము, ఒక ఫోన్ నంబరు, ‘పేరు చెప్పకపోయినా రావచ్చు’ అన్న ఒక్క ముక్క. ‘రోగులు’ అన్న మాట అందులో వద్దు. పది పన్నెండు మంది మించితే మాట్లాడేవాళ్లే మాట్లాడతారు, మిగతావాళ్లు వింటూ కూర్చుంటారు. గంటన్నర పెట్టుకోండి.

మొదటి కలయికలో ఉపన్యాసం పెట్టకండి, డైరీ రాయడం నేర్పండి. మామూలు నోట్‌బుక్ చాలు. తేదీ, టైము, ఎంతసేపు వచ్చింది, ముందురాత్రి ఎన్ని గంటలు నిద్ర, మాత్ర తప్పిందా, జ్వరముందా, ఆడవాళ్లయితే నెలసరి ఎప్పుడు. ఆరునెలలు రాస్తే ‘అమావాస్యకే వస్తాయి’ అన్న మాట నిజమో కాదో ఆ పేజీలే చెప్తాయి. ఎక్కువమందిలో బయటపడేది మాత్ర తప్పిన రోజో, నిద్ర చాలని రాత్రో. డాక్టర్‌గారి దగ్గర దొరికే అయిదు నిమిషాల్లో ఈ పేజీ చేసే పని నోటి మాట చేయదు.

హాల్లో వస్తే ముందు గడియారం చూడండి. మిగతావన్నీ దాని తర్వాతే. చుట్టూ ఉన్న కుర్చీలు జరిపి, తల కింద మడత తువ్వాలు పెట్టండి. కళ్లజోడు తీసేయండి, కాలరు, చున్నీ వదులు చేయండి. కుదుపులు తగ్గగానే పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పితే నురగ, ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా బయటికి కారిపోతాయి. కాళ్లూ చేతులూ బిగపట్టొద్దు, భుజం కీలు తప్పుతుంది. నోట్లో చెంచా పెడితే పళ్లు విరుగుతాయి, వేలు పెడితే వేలే తెగుతుంది. నాలుక మింగేయడమన్నది జరగదు. తాళంగుత్తి చేతిలో పెడితే తగ్గిందంటారు కదా, చాలావరకు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ టైము అయిపోయి ఉంటుంది, అంతే.

అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, గర్భిణి అయినా, అసలు ఇదే మొదటిసారి అయినా 108కి చేయండి. పూర్తిగా తెలివొచ్చి పేరు చెప్పేదాకా నీళ్లు కూడా పట్టొద్దు.

ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే కొందరి దగ్గర ఉంటుంది. అక్కడ జరిగే పొరపాటు పఫ్‌ల లెక్కలో. సాధారణంగా కిలో బరువుకు 0.2 మి.గ్రా. లెక్కన రాస్తారు. పఫ్‌కు 0.5 మి.గ్రా. వచ్చే సీసా అయితే 20 కిలోల పిల్లకు 4 మి.గ్రా., అంటే 8 పఫ్‌లు, రెండు ముక్కుల్లోనూ సగం సగం. పఫ్‌కు 1.25 మి.గ్రా. వచ్చే సీసాలూ ఉన్నాయి, వాటితో అదే 8 కొడితే రెండున్నర రెట్లు పడుతుంది! కాబట్టి లెక్క మీరు వేయొద్దు. ఎవరి సీసా మీద వాళ్ల డాక్టర్‌గారితో ‘ఇన్ని పఫ్‌లు’ అని రాయించి అంటించుకోమనండి. ఒకరి సీసా ఇంకొకరికి వాడొద్దు.

హైస్కూలు_పీఈటీ:
బడికి ఒక్క పేజీ చాలండీ. ఫైలంత ఇస్తే బీరువాలోకి పోతుంది. పిల్లకు ఫిట్స్ వచ్చినప్పుడు ఎలా కనిపిస్తుంది (పడిపోతుందా, ఉన్నచోటే శూన్యంలోకి చూస్తుందా), మామూలుగా ఎంతసేపు, ఎన్ని నిమిషాలు దాటితే ఎవరికి ఫోన్, మాత్రల పేర్లు, డాక్టర్ సంతకం. అడుగున పెద్ద అక్షరాల్లో ‘నోట్లో ఏమీ పెట్టవద్దు’. హెచ్‌ఎం గదిలో ఒకటి, క్లాస్ టీచర్ దగ్గర ఒకటి, నా లాంటి పీఈటీల దగ్గర ఒకటి. మూడోదే అందరూ మర్చిపోతారు.

బ్యాగులో ఒక జత యూనిఫారం అదనంగా పెట్టండి. ఫిట్స్‌లో బట్టలు తడుస్తాయి. పిల్లలు మర్నాడు బడికి రాననేది ఎక్కువగా దానివల్లే. వచ్చి తగ్గాక అరగంటో గంటో నిద్రపోనివ్వాలి, ప్రతిసారీ ఇంటికి పంపేయక్కర్లేదు. ఆటలు మాన్పించొద్దు. ఖోఖో, కబడ్డీ, పరుగు ఆడొచ్చు. ఒంటరిగా ఈత, తాడెక్కడం, ఎత్తు మీంచి దూకడం మాత్రం కాదు. రెప్పలాడించి, పిలిస్తే పలకక, పది సెకన్లలో మళ్లీ మామూలయ్యే పిల్లలుంటారు. వాళ్లకు పరధ్యానమని దెబ్బలు పడతాయి. అదీ ఫిట్సే కావచ్చని టీచర్లకు చెప్పాలి.

‘టీసీ తీసుకెళ్లండి’ అంటే విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 16 చూపించండి. 8వ తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. నోటితో అన్నది రాసివ్వమని అడగండి, సాధారణంగా రాయరు. అప్పుడు ఎంఈవోకు అర్జీ పెట్టొచ్చు.

తెనాలి_కలయిక:
చాలా ఉపయోగం. ఒక అనుమానం సిస్టర్‌గారూ. ఒకాయన తలంటుకున్నప్పుడే వస్తున్నాయంటున్నారు. ఉంటుందా అలా?

న్యూరోవార్డు_సిస్టర్:
ఉంటుంది. వేడినీళ్ల మూర్ఛ అంటారు. దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో ఎక్కువ చూశారు, మన దగ్గరా ఉంది. చెంబుతో వేడినీళ్లు గబగబా తలమీద పోసుకోవడం దానికి ప్రేరణ. గోరువెచ్చటి నీళ్లు వాడి, తల మీద నేరుగా కుమ్మరించకుండా తడిగుడ్డతో తడుపుకుంటే చాలామందికి రావు. అయినా వస్తే తలంటుకు ముందు వేసుకునే మాత్ర డాక్టర్ రాస్తారు. ఏ రకం ఫిట్స్ ఉన్నా బాత్‌రూమ్‌కు లోపల గడియ పెట్టొద్దు, తలుపు దగ్గరికి వేస్తే చాలు.

చట్టం_పాయింట్:
పెళ్లి: 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 5లో 1976 సవరణతో పిచ్చి పక్కనే మూర్ఛనూ చేర్చి, పెళ్లికి అడ్డంకిగా పెట్టారు. 1999 సవరణలో ఆ మాట తీసేశారు, ప్రత్యేక వివాహ చట్టంలోనూ తీసేశారు. కాబట్టి ‘మూర్ఛ ఉంది గనక పెళ్లి చెల్లదు’ అన్నది పాత మాట. కానీ దాచి చేయొద్దు. సెక్షన్ 12 కింద ముఖ్యమైన సంగతి దాచి మోసం చేశారని కోర్టుకెళ్లే దారి ఇంకా తెరిచే ఉంది. తాంబూలాలకు ముందే, రెండువైపులా పెద్దల ఎదుట, ప్రిస్క్రిప్షన్ చూపించి చెప్పడం మంచిది.

లైసెన్సు: ఫారం 1లో మూర్ఛ ఉందా అని నేరుగా అడుగుతారు. బ్రిటన్‌లో 12 నెలలు రాకపోతే కారు లైసెన్సు ఇస్తారు, మన నియమాల్లో ఇన్నాళ్లు రాకపోతే ఇవ్వొచ్చన్న గడువే లేదు. అది అన్యాయమని వాదించండి, అర్జీలు పెట్టండి. ఫారంలో అబద్ధం మాత్రం రాయొద్దు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ గొడవ ఆ సంతకం దగ్గరే మొదలవుతుంది.

సదరం: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మూర్ఛ పేరు లేదు. ఆశ పెట్టి పంపకండి. మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి కూడా ఉంటే వాటిని బట్టి శాతం వేస్తారు.

అర్జీ పెట్టేటప్పుడు ‘మూర్ఛ బాధితులను ఆదుకోవాలి’ అని రాస్తే ఎవరికీ ఏ పనీ పడదు. ఫలానా ఆసుపత్రిలో ఫలానా మాత్ర ఫలానా తేదీల్లో లేదు, ఇంతమంది బయట కొనుక్కున్నారు అని రాసి సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి, రసీదు తీసుకోండి. నవంబర్ 17 జాతీయ మూర్ఛ దినం, ఆ వారం పత్రికలవాళ్లూ వింటారు.

మందుల_కౌంటర్:
ఒకటి కలుపుతాను. ‘ఇక్కడ మాత్రల సంగతి మాట్లాడకూడదు’ అని కొన్ని గ్రూపుల్లో బోర్డు పెడతారు. నేనొప్పుకోను. డోసులు పోల్చుకోవడం, ‘నాకిది పనిచేసింది, నువ్వూ వేసుకో’ అనడం తప్పు. కానీ తన మాత్ర పేరు, మి.గ్రా., మామూలుదా నెమ్మదిగా విడుదలయ్యేదా అన్నది ప్రతివాళ్లకూ నోటికి రావాలి. కౌంటర్ దగ్గర జరిగే పొరపాటు అదే: మి.గ్రా. ఒకటే, రకం మారిపోతుంది. నెమ్మదిగా విడుదలయ్యేదాన్ని నలిపి మింగితే మందంతా ఒక్కసారే ఎక్కుతుంది. కొత్త స్ట్రిప్ తీసుకుంటూనే పాతదాని పక్కన పెట్టి చూసుకోమనండి. ఎప్పుడూ వారానికి సరిపడా మాత్రలు అదనంగా ఉంచుకోవాలి.

వాల్‌ప్రోయేట్ (ఫిట్స్‌కు ఇచ్చే ఒక మందు) వాడే అమ్మాయిలకు విడిగా, ఆడవాళ్లతోనే చెప్పించండి. గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది, పెళ్లికి ముందే డాక్టర్‌తో మార్పు గురించి మాట్లాడాలి. నెల తప్పాక భయపడి వాళ్లంతట వాళ్లే ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వరసగా వచ్చి తల్లికే ప్రాణం మీదికొస్తుంది.

తెనాలి_కలయిక:
ఫ్లెక్సీ మానేశాం, చీటీలే. చివరిగా ఒకటి: శివరాత్రి జాగారం ఉండొచ్చా అని ఇద్దరు అప్పుడే అడిగారు.

న్యూరోవార్డు_సిస్టర్:
జాగారం వద్దు. ఉపవాసం సంగతి డాక్టర్‌ని అడిగి తేల్చుకోమనండి, ఏం చేసినా ఆ రోజు మాత్ర మాత్రం టైముకే పడాలి.