కొత్తగా వచ్చాను, ఇక్కడి రాజకీయాల గొడవ అర్థం కావట్లేదు

అన్నయ్యలకు, అక్కలకు నమస్తే. ఎమ్మెస్ కోసం టెక్సస్‌లోని డెంటన్ వచ్చి నెల కూడా కాలేదు. రూమ్‌లో సీనియర్లు ఇద్దరు ట్రంప్ గురించి రోజూ వాదించుకుంటారు. క్లాసులో ఒక అమెరికన్ అబ్బాయి హెచ్‌-1బి (విదేశీ నిపుణులు ఇక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే వీసా) గురించి మాట్లాడుతూ మీవాళ్ళు మా ఉద్యోగాలు తీసుకుంటున్నారన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. "రాజకీయాలు మాట్లాడకు, నల్లవాళ్ళుండే ఏరియాల వైపు పోకు" అంటున్నారు అందరూ. అసలు ఈ గొడవ ఏమిటి? నాకెంతవరకు అవసరం?

జవాబు (డాలస్ నుంచి)

తమ్ముడూ, ఓటు లేదు కదా, నాకెందుకులే అనుకోకు. ఇక్కడ ఎవరు గెలిచారన్నదాన్ని బట్టే నీ ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసుకునే అనుమతి), నీ వీసా రూల్స్ మారతాయి.

నేను 1999లో వచ్చాను. మరుసటి ఏడాది రిపబ్లికన్ బుష్, డెమొక్రాట్ గోర్‌ల అధ్యక్ష ఎన్నిక ఫ్లోరిడా దగ్గర ఆగిపోయింది. ఇక్కడ గెలుపు దేశం మొత్తం ఓట్లతో కాదు, రాష్ట్రాలవారీగా వచ్చే ఎలక్టోరల్ ఓట్లతో తేలుతుంది. దాదాపు 60 లక్షల ఓట్లు పడిన రాష్ట్రంలో తేడా 537. రీకౌంటింగ్ ఆపమని సుప్రీంకోర్టు 5-4 తీర్పు ఇచ్చింది. దేశం మొత్తం మీద ఐదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా గోర్ ఓడిపోయాడు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చాయి, అధ్యక్షుడైంది ట్రంప్. 2020లో ఓడినప్పుడు ఆయన ఫలితాన్నే ఒప్పుకోలేదు. 2021 జనవరి 6న ఆయన మద్దతుదారులు క్యాపిటల్ భవనంలోకి, అంటే ఇక్కడి పార్లమెంటులోకి చొరబడ్డారు. అటువైపువాళ్ళూ ఇటువైపువాళ్ళూ తమకే అన్యాయం జరిగిందని మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. నా లెక్కలో రెండు నమ్మకాలూ సమానం కావు: ఓటమిని కోర్టుల్లో ప్రశ్నించడం వేరు, తలుపులు పగలగొట్టడం వేరు. టెక్సస్ రిపబ్లికన్ రాష్ట్రమే, కానీ డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాలు డెమొక్రాట్లకే ఓటేస్తాయి. కాబట్టి రాష్ట్రం పేరు చూసి ఎదుటి మనిషిని అంచనా వేయకు.

ఇక "ఆ ఏరియా వైపు పోకు" అన్న మాట. ఇది మనవాళ్ళలో సీనియర్ల నుంచి జూనియర్లకు అంటుకుంటున్న జబ్బు. ఇన్నేళ్ళుగా వింటున్నా, విన్న ప్రతిసారీ బాధేస్తుంది. రాత్రిపూట జాగ్రత్త ఎక్కడైనా అవసరమే. రంగు చూసి భయపడటం జాగ్రత్త కాదు. ఆ పేటలు ఊరికే అలా అవలేదు. 1930ల నుంచి ప్రభుత్వ సంస్థలే మ్యాపుల మీద ఎర్రగీతలు గీసి, నల్లవారి పేటల్లో ఇంటి లోన్లు పుట్టకుండా చేశాయి. ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టం 1968లో గానీ రాలేదు.

మన సంగతీ చూడు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారంది. 1946లో ఆ హక్కు ఇచ్చారు, కానీ భారతీయుల వలసకు పెట్టిన కోటా ఏడాదికి 100 మంది. మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో రాగలిగింది 1965 వలస చట్టం తర్వాతే. నల్లవారు లాఠీదెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి నడిపిన పౌరహక్కుల ఉద్యమం లేకపోతే ఆ చట్టానికి అప్పుడు అంత బలం వచ్చేది కాదు. 2020 మేలో మినియాపోలిస్‌లో ఒక పోలీసు, జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద మోకాలు పెట్టి ప్రాణం తీస్తే, మన వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువమంది మాట్లాడింది ఆ తర్వాతి గొడవల్లో జరిగిన షాపుల లూటీ గురించి. నువ్వు అలా తయారవకు.

క్లాసులో అబ్బాయికి నిదానంగా చెప్పు: కంపెనీలకు ఏడాదికి దొరికే కొత్త హెచ్‌-1బిలు 85 వేలు, అవీ లాటరీలో. ఇంట్లో ఎవరి ఉద్యోగమైనా పోయిందా అని అడుగు, చెబితే విను. కొన్ని కన్సల్టెన్సీలు దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టించి మనుషుల్ని తెచ్చిన మాట నిజమే, దాన్ని కప్పిపుచ్చకు. 2024 డిసెంబరులో ఈ వీసా మీద ట్రంప్ మద్దతుదారులే రెండుగా చీలారు: వ్యాపారవేత్తలు మస్క్, వివేక్ రామస్వామి ఈ వీసా కావాలంటూ ఒకవైపు, విదేశీయులు వద్దనేవాళ్ళు ఇంకోవైపు. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు.

2017లో కాన్సస్‌లోని ఓలేతేలో "నా దేశం నుంచి పోండి" అంటూ ఒకడు ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. వాణ్ణి ఆపబోయి తూటా తిన్నవాడు కూడా అక్కడి తెల్లవాడే. ఈ రెండో సంగతి కూడా గుర్తుపెట్టుకో.

ఇంకో జవాబు (సియాటిల్ నుంచి)

బాబూ, అమెరికన్ల చీలికల గురించి అన్నయ్య చెప్పారు, మన చీలిక గురించి నేను చెప్తాను. 2023 ఫిబ్రవరిలో మా సిటీ కౌన్సిల్ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం మాదే. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు పాసైతే గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు. ఈ రెండింటి మీదా ఇక్కడి భారతీయులు నిట్టనిలువునా చీలిపోయారు. నేను చట్టం వైపే. ఇంటిపేరు, ఊరు అడిగి "మీరేమిట్లు?" అని కులం ఆరా తీయడం ఇక్కడా చూస్తావు. జవాబు చెప్పాల్సిన పని నీకు లేదు.

అన్నయ్యా, అక్కా, చాలా థ్యాంక్స్. శుక్రవారం డీపీఎస్‌లో (టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్సులిచ్చే ఆఫీసు) లైసెన్స్ అపాయింట్‌మెంట్ ఉంది. అక్కడ ఓటు గురించి ఏదో అడుగుతారట, నిజమేనా?

నిజమే తమ్ముడూ. 1993 నాటి చట్టం ప్రకారం లైసెన్స్ ఆఫీసులోనే ఓటరు నమోదు అడుగుతారు. పౌరుడివా అంటే కాదని, నమోదు కావాలా అంటే వద్దని పెట్టు. పొరపాటున అవునని పెడితే పౌరుణ్ణని అబద్ధం చెప్పినట్టు లెక్కేస్తారు, గ్రీన్‌కార్డు దాకా వెంటాడుతుంది. ఎన్నికల చందాలూ గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఇవ్వకూడదు. సభలకు వెళ్ళి వినడంలో తప్పు లేదు. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా అడిగేవాళ్ళను సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, స్టాంపింగ్‌కి (పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడానికి) ఇండియా వెళ్తే నీకూ తప్పదు. శుక్రవారం పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన ఫారం), ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) పట్టుకెళ్ళు. సంతకం పెట్టే ముందు ఫారం ఇంకోసారి చదువు, కౌంటర్లో ఉన్నావిడ కంప్యూటర్లో ఏం ఎంటర్ చేసిందో కూడా అడుగు.