రాడగన్ సోర్‌సీల్ చివరిదాకా ఉంచాలా, మధ్యలో తీసేయాలా? (ఎల్డెన్ రింగ్ వీడియోగేమ్)

గ్రేస్‌పక్కన: సోర్‌సీల్ అనే టాలిస్మన్ (తాయెత్తు) పెట్టుకుంటే విగర్ (హెచ్‌పీ, అంటే ప్రాణశక్తి, పెంచేది), ఎండ్యూరెన్స్ (మోయగల బరువు పెంచేది), స్ట్రెంగ్త్, డెక్స్ (చురుకుదనం) ఐదేసి పాయింట్లు పెరుగుతాయి. బదులుగా తగిలే దెబ్బ 15 శాతం ఎక్కువ. సీల్‌తో కలిపి విగర్ 30, ఆయుధం గ్రేట్‌స్వార్డ్. ఇప్పుడే తీసేయమని కొందరు, ఫైనల్ బాస్ దాకా ఉంచమని కొందరు. మీరేమంటారు?

లెక్కలమాస్టారు: ఉంచండి. తీసేయమనేవాళ్లు ఆ 15 శాతమే చూస్తారు, పెరిగిన హెచ్‌పీని చూడరు. విగర్ 25కి హెచ్‌పీ 800, 30కి సుమారు 994. దాన్ని 1.15తో భాగిస్తే 864. అంటే దెబ్బ పెరిగినా మీరే 64 లాభంలో ఉన్నారు. సీల్ లేకుండా విగర్ 35 ఉన్నా ఇదే కథ: 1216 ఉండాల్సిన చోట 1450 వస్తుంది, భాగిస్తే 1261. 40 చేరేసరికి తిరగబడుతుంది. 40 ఉన్నవాడు 45కి వెళ్తే దాదాపు 1581, భాగిస్తే 1375. సీల్ లేకుండానే 1450 ఉంది కదా! 60 దగ్గరైతే మరీ ఘోరం, 1900 కాస్తా 1680 అవుతుంది.

ఎర్రఫ్లాస్క్: మాస్టారూ, లెక్క బాగుంది కానీ సగమే. ఫ్లాస్క్ (తాగి ప్రాణశక్తి నింపుకునే సీసా) ఇచ్చే హెచ్‌పీ ఫిక్స్‌డ్, సీల్ పెట్టారని అది పెరగదు. అప్‌గ్రేడ్ చేయని ఫ్లాస్క్ 250 ఇస్తుంది. 15 శాతం ఎక్కువ తగిలేవాడికి దాని విలువ 217. రెండు తాగేసరికి మీరు చూపించిన 64 లాభం హారతి కర్పూరం. ప్లస్ 12 అయితే 810 ఇస్తుంది, విలువ 704. ఒక్కో గుటకకీ వంద పైనే పోతుంది. పొడవాటి బాస్ ఫైట్లలో సీల్ దెబ్బకొట్టేది ఇక్కడే.

లెక్కలమాస్టారు: ఫ్లాస్క్ పాయింట్ ఒప్పుకుంటాను. కానీ సీల్ ఇచ్చేది విగర్ ఒక్కటే కాదు, మొత్తం 20 లెవెల్స్. లెవెల్ 40 వాడికి అది చిన్న విషయమా? గ్రేట్‌స్వార్డ్‌కి స్ట్రెంగ్త్ 31, డెక్స్ 12 కావాలి. సీల్ ఉంటే స్ట్రెంగ్త్ 26 దగ్గరే ఒంటిచేత్తో తిప్పొచ్చు.

రెండుచేతులు: ఆ కత్తిని ఒంటిచేత్తో ఎవరు తిప్పుతారు బ్రో? రెండు చేతులతో పడితే స్ట్రెంగ్త్ ఒకటిన్నర రెట్లుగా లెక్క, 21 చాలు. సీల్ అసలు ఉపయోగం ఎండ్యూరెన్స్‌లో ఉంది, బరువైన కవచం వేసుకుని కూడా ఎక్విప్ లోడ్ (ఒంటిమీద బరువు) 70 శాతం లోపు ఉండొచ్చు.

కొత్తకవచం: డ్రాగన్‌క్రెస్ట్ గ్రేట్‌షీల్డ్ టాలిస్మన్ జోడిస్తే సీల్ నష్టం పోదా?

ఎర్రఫ్లాస్క్: పోదు. అది ఫిజికల్ దెబ్బని 20 శాతం తగ్గిస్తుంది, 1.15 కాస్తా 0.92 అవుతుంది. సీల్ లేకపోతే 0.80 ఉండేది. పైగా మంట, మ్యాజిక్ దెబ్బలకి అది పనిచేయదు, సీల్ మాత్రం అన్నిటికీ పెంచుతుంది. ఉన్నవే నాలుగు స్లాట్లు, అవీ స్లాట్లు పెంచే పౌచ్‌లన్నీ దొరికాకే.

రెండుచేతులు: గ్రేస్‌పక్కన గారూ, ఇప్పటికి ఉంచండి. సీల్ లేకుండా విగర్ 40 చేరాక టెస్ట్ చేయండి. ఒకే సైనికుడి ఒకే దెబ్బని, షీల్డ్ ఎత్తకుండా, సీల్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి తిని స్టేటస్ స్క్రీన్‌లో ఎంత తగ్గిందో రాసుకోండి. ప్రతిసారీ ఫుల్ హెచ్‌పీతో మొదలుపెట్టండి, కవచం మార్చొద్దు. తేడా కచ్చితంగా 15 రాకపోవచ్చు, స్ట్రెంగ్త్‌తో పాటు డిఫెన్స్ కూడా కాస్త కదులుతుంది.

తీసేటప్పుడు జాగ్రత్త. ఎండ్యూరెన్స్ 5 పడిపోగానే లోడ్ 70 దాటి రోల్ (దొర్లి తప్పించుకోవడం) మొద్దుబారుతుంది. స్ట్రెంగ్త్ చాలకపోతే ఆయుధం మీద ఎర్ర గుర్తు పడి డ్యామేజ్ కుప్పకూలుతుంది. బాస్ గేటు ముందు కాకుండా గ్రేస్ (విశ్రాంతి స్థలం) దగ్గరే తీసి, ఈ రెండూ చూసుకోండి. లెక్క కుదరకపోతే లార్వల్ టియర్ అనే వస్తువు ఒకటి పట్టుకుని రెనాలా అనే పాత్ర దగ్గరికి వెళ్లి పాయింట్లు తిరిగి పంచుకోవచ్చు. కానీ వెళ్లేముందే సీల్ తీసేయండి. లేకపోతే పంచేటప్పుడు ఏది మీ సొంత అంకె, ఏది సీల్ ఇచ్చిందో కలగాపులగం అవుతుంది.